నిలబడనీకి ఇంత జాగ

మా మేనత్త మొన్న శుక్రవారం పొద్దున పోయింది. అన్న ఫోన్ చేసి చెప్పాడు. బస్సులో రాయచూరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

ఆమె నాన్నకు అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి, బజారులో మా బట్టల దుకాణం వెనక ఇంట్లోనే బతికింది. మమ్మల్ని పెంచింది ఆమే. రోజూ తెల్లవారుతుండగా స్నానం చేసి సందు చివరి వెంకటేశ్వరుడి గుడికి పోయేది. గర్భగుడి రాతి ద్వారబంధానికి చెయ్యి ఆనించి, కళ్లు తెరిచే నిలబడేది. ఏం మొక్కుకుంటావని ఒకసారి అడిగాను.

"అడగనీకి పోతనా? ఆయనున్నడని తెలుస్తది, గంతే" అంది.

గుడినుంచి వచ్చిన కాసేపు పొయ్యి మీద పాలు పొంగిపోయినా నవ్వేది.

గుడి బాగుచేస్తామని కమిటీ వాళ్లు పాత రాళ్లు పీకేశారు. గ్రానైటు, స్టీలు కడ్డీలు వచ్చాయి. వరసలో నడుస్తూనే దండం పెట్టుకోవాలి. మొదటిరోజు అత్త ఇంటికొచ్చి గడపలో కూలబడి, ఎంత చూసినా ఆయన దొరకలేదంది. తర్వాత వేరే గుళ్లు తిరిగింది. దేవదుర్గ దిక్కు హనుమప్ప గుడికి నేనే తీసుకుపోయాను. మేం ఖాలా అని పిలిచే పక్కింటి సాయిబుల ఆవిడతో దర్గాకూ పోయింది. అంతటా తోపులాటే. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ తల అడ్డంగా ఊపేది.

పోయిన ఏకాదశికి మళ్లీ మా సందు గుడికే పోయింది. దేవుడి ఎదురుగా ఆగి, కదలనంది. వెనక జనం విసుక్కున్నారు. కమిటీ మనిషొకడు రెక్క పట్టి లాగాడు. తడి బండ మీద పడి తుంటి విరిగింది. కమిటీ వాళ్లు ఆస్పత్రికి ప్రసాదం పొట్లంతో వచ్చి, ముసలిది కదా, కాలు జారిందని చెప్పుకుందాం అన్నారు. నాన్న సరేనన్నాడు. వాళ్లంతా బజారు వాళ్లే, రోజూ ముఖాలు చూసుకోవాలి మరి.

ఆమె ఇక మంచం దిగలేదు. చూడ్డానికి వచ్చినప్పుడు, తీర్థం తెమ్మంటావా అని అడిగాను.

"వద్దు బిడ్డా. ఆయనింట్ల నాకు నిలబడనీకి ఇంత జాగ ఇయ్యలే. నీళ్లేం జేస్కుంట?"

ఆ తర్వాత దేవుడి మాట ఎత్తలేదు. ఆ కరువుతోనే పోయింది. అత్తది ఎంత భక్తి అని ఇప్పుడు సందులో అందరూ చెప్పుకుంటున్నారు.

పాడె గుడి ముందునుంచే పోవాలి. శవం దాటేదాకా గుడి మూసి ఉంచడం ఆచారం. నాన్న అక్కడ మోసేవాళ్లను కాస్త ఆగమన్నాడు. గాలికి అత్త ముఖం మీది గుడ్డ తొలిగింది. ఎదురుగా గుడికి దించేసిన ఇనుప షట్టరు, దాని మీద ఎండ.