గేటుకు మిగిలిన మాట

ఈ నెల పన్నెండో తేదీ, గురువారం. పొద్దున ఆరింటికి నోటు పుస్తకం పట్టుకుని ట్యూషన్‌కు వెళ్తే, మా ఇంగ్లీషు సారు ఇంటి బెంచీలన్నీ వీధిలో వేసి ఉన్నాయి. వాటి మీద కూర్చున్నది పిల్లలు కాదు, ఊరి పెద్దలు. తెల్లవారుజామున సారు గుండె ఆగి పోయారట.

హైస్కూల్లో రిటైరయ్యాక ఆయన కాలేజీలో పీయూసీ చదివే మాకు ఊరికే చెప్పేవారు. ‘ముఖ్యం’ అనడానికి ఇంగ్లీషులో అన్ని మాటలున్నాయని తెలిసిన రోజు నేను వాటిని గొణుక్కుంటూనే తిరిగాను.

“అన్నీ ఒకటే కదా సార్?”

“ఒకటే అయితే ఇన్నెందుకమ్మా? అది లేకపోతే ఏమైతాదో అడుగు. కష్టమైతే ఇంపార్టెంట్. పనే జరగదంటే ఎసెన్షియల్. ప్రాణం పోతాదంటే వైటల్. ఆపైన రాసేదంతా బడాయి.”

లోపలినుంచి ఆయన భార్య అంది: “కాఫీపొడి అయిపోయిండాది. ఇది యా మాట కిందికొస్తాదో చెప్తే అంగడికి పోతాను.”

ఊరి పక్కన సోలార్ పార్కు పెట్టి కంచె వేశాక చేలకు వెళ్లే బండిదారి మూసుకుపోయింది. ఎదురుగా కనిపించే తన వేరుశనగ చేనికి సారు గంటసేపు చుట్టు తిరగాల్సి వచ్చేది. కంచెకు గేటు పెట్టమని సోలార్ పార్కు ఆఫీసుకు అర్జీ రాశారు. చిత్తులో ఆ ఒక్క కోరికే ఉంది. ఊళ్లో వాళ్లు వీధి దీపాలు, నీళ్ల ట్యాంకు, ఆటస్థలం కూడా చేర్చమన్నారు. సారుకు జ్వరం. సాపు ప్రతి నాకు అప్పగించారు.

ఒకే మాట మళ్లీ మళ్లీ రాయకూడదని బడిలో నేర్చుకున్నాను. దీపాలకు వైటల్, ట్యాంకుకు క్రూషియల్, ఆటస్థలానికి ఎసెన్షియల్. చివర వచ్చిన గేటుకు ఇంపార్టెంట్ మిగిలింది. నా మీది నమ్మకంతో సారు చదవకుండానే సంతకం పెట్టారు.

దీపాలు వచ్చాయి. గేటు కేవలం ముఖ్యమని మీరే రాశారు కనుక, అంతకంటే అవసరమైనవి అయ్యాక పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

సారు దాన్ని రెండుసార్లు చదివారు. “మన ఇంగ్లీషును ఇంత శ్రద్ధగా చదివే ఆఫీసు ఉండాదని నాకు తెలీదమ్మా.”

“తిట్టండి సార్.”

“తిడితే గేటొస్తాదా?”

ఆ తర్వాత ఆయన చేనికి పోవడం మానేశారు. ఈ ఏడు అది బీడు పడింది.

ఆ చేనిలోనే ఆయన్ను సమాధి చేయాలని ఇంటివాళ్లు అనుకున్నారు. కంచె పక్కనే, ఎండలో, చుట్టు తిరిగి మోసుకెళ్లాం. “దినమూ నడిచిన దారప్పా,” అంది ఆయన భార్య, “నలుగురు మోస్తా ఉన్నా చుట్టే తిరగాల్సొచ్చె.” కంచె లోపల సోలార్ పలకలు కడిగే నీళ్ల ట్యాంకరు పాత బండిదారి వెంట నేరుగా పోతోంది. నేను అందరికంటే వెనక నడిచాను.

ఈ సాయంత్రం కొత్త అర్జీ రాశాను. ఒక్కటే కోరిక. వైటల్ అని రాయాలని చెయ్యి ఆరాటపడింది. కానీ సారు పోయింది గుండె ఆగి, గేటు లేక కాదు. ఆయన చావును వాడుకుని మాట పెంచితే ఆయనే ఒప్పుకోరు. ఎసెన్షియల్ అని రాశాను.

రేపు పొద్దున్నే కంచె మలుపు దగ్గర నిలబడాలి. చేలకు పోయే ఆడవాళ్లు గంపలు దించి ఊపిరి పీల్చుకునేది అక్కడే. వాళ్ల సంతకాలు, వేలిముద్రలు తీసుకుని, ఆ ఆఫీసుకు పోయే ఎనిమిది గంటల బస్సెక్కాలి.