అంకుల్ చేపకు నేను కలిపిన ఉప్పు

ఏ రోగమూ లేని ఒక చేపను పూర్తిగా శాస్త్రీయంగా చంపిన ఘనత నాది. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, చివరికి వచ్చేసరికి నాకే నవ్వు రాదు.

2006 చలికాలం, పరాయి దేశంలో హెండర్సన్ అనే ఊరు. మా పక్క ఫ్లాట్‌లో ఫిజీ నుంచి వచ్చిన రాజన్న అంకుల్ ఒక్కరే ఉండేవారు. ఆయన ముత్తాతలు తెలుగువాళ్ళు. హాల్లో ఉప్పునీళ్ళ తొట్టి, అందులో రాణి అనే నారింజరంగు చేప. దాన్ని పెంచింది ఆంటీ. ఆవిడ పోయి రెండేళ్ళయినా, పొద్దున్నే రాణికి గుడ్ మార్నింగ్ చెప్పందే అంకుల్ టీ తాగేవారు కాదు. ఏదో పెళ్ళికని ఫిజీలోని సువా వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"రోజూ చిటికెడు మేత వేస్తే చాలు బాబూ. ఉప్పు మాత్రం ముట్టుకోవద్దు."

నేనా, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎదుటివాడి పనిలో తప్పు దొరక్కపోతే అన్నం సయించదు. తొట్టి పక్కన రిఫ్రాక్టోమీటర్ కనిపించింది. దాని గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే నీళ్ళలో ఉప్పెంతో చెప్పే గొట్టం అది. చూశాను, ముప్పై ఐదు. ఉండాల్సిందీ ముప్పై ఐదే. అంత సరిగ్గా ఉంటే అనుమానం రాదూ?

"దీన్ని ఎప్పుడైనా క్యాలిబ్రేట్ చేశారో లేదో! ఉప్పు లేని నీళ్ళకి సున్నా చూపించాలి" అన్నాను, దాన్ని మా ఇంటికి తెచ్చి మా ఆవిడ సుజాతతో.

"ఆయన వద్దన్నారుగా. మీకెందుకండీ?" అంది, జలుబుతో బొంగురుపోయిన గొంతుతో.

ఇస్త్రీపెట్టె కోసం కొన్న డిస్టిల్డ్ వాటర్ సీసా మా వంటింటి గట్టు మీద ఉంది. లేబుల్ శ్రద్ధగా చదివాను. చుక్క వేస్తే మీటరు పది చూపించింది!

"చూశావా, పది తేడా!" అని అరిచి, మర తిప్పి సున్నాకి దించాను. మళ్ళీ వెళ్ళి తొట్టి నీళ్ళు చూస్తే ఇరవై ఐదే. పాపం, రాణి ఇన్నాళ్ళూ చప్పిడి బతుకు బతికిందన్నమాట! రెండు రోజుల్లో ఉప్పు కలిపి ముప్పై ఐదుకి తెచ్చాను.

మూడో రోజు రాణి ఒక మూలకి చేరి ఎగశ్వాస తీసింది. "అలవాటు పడుతోందిలే" అన్నాను. నాలుగో రోజు వెల్లకిలా తేలింది.

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొస్తే, సుజాత ఆ సీసాలో నీళ్ళే పుక్కిలిస్తోంది.

"అవి ఇస్త్రీ నీళ్ళు కదా!"

"అవెప్పుడో అయిపోయాయి. గొంతుకని ఉప్పునీళ్ళు కలిపి పోసుకున్నా."

అంటే మీటరు చూపించిన పది నిజమే! ఐస్‌క్రీం డబ్బాలో కరివేపాకు, బిస్కెట్ల డబ్బాలో కందిపప్పు ఉండే ఇంట్లో కాపురం చేస్తూ, నేను లేబుల్ నమ్మాను! నమ్మేముందు నాలుక చాచి ఉంటే సరిపోయేది.

అంకుల్ తిరిగొచ్చాక అంతా ఒప్పుకున్నాను. తిట్టలేదు. తిట్టుంటే బావుండేది. తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు.

"ఉప్పెక్కువయింది బాబూ. ఆంటీ ఇలాగే చూసేది. ఆ గొట్టం మేమెప్పుడూ వాడలేదు."

నాకు ఏడుపొచ్చింది.

అందుచేత మా వంటింటి డబ్బాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సరిగ్గా ఉన్నదాన్ని ఇక జన్మలో సరిచెయ్యను. రుచి చూడకుండా ఏ సీసానీ నమ్మను. ఆ ఫ్లాట్‌లో ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే వెళ్ళి అంకుల్‌కి గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆయన తలూపి, ఖాళీ తొట్టికేసి ఒకసారి చూసి, అప్పుడు టీ తాగేవారు.