దర్వాజా అని పిలిచిందెవరు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే లేచి గ్రౌండ్‌లోకి వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది, అదీ నా చిరాకు.

నేను ఆబిడ్స్‌లో ఒక బాలికల స్కూల్లో పీఈటీని. చిన్నప్పుడు ఇదే స్కూలు టీంలో గోల్‌కీపర్‌ని. నాకు ఆట నేర్పింది కిష్టయ్య సార్. తలకి తువ్వాలు చుట్టుకుని, ఎప్పుడూ గోడవైపు గోల్‌పోస్టు వెనకే నిలబడేవారు, అక్కడ నీడ ఉంటుందని. హాఫ్‌టైమ్ తర్వాత టీములు అటూ ఇటూ మారినా ఆయన మాత్రం కదిలేవారు కాదు. ఎదుటి టీం కీపర్ అటువైపు వస్తే ఆమెకే నేర్పడం మొదలుపెట్టేవారు. "ఆమె మన పిల్ల కాదు సార్" అని నేను మొత్తుకుంటే, "ఎవల దర్వాజైతే ఏంది బిడ్డా" అనేవారు.

ఆయన దగ్గర ఏ గోల్‌కీపర్‌కీ పేరుండదు. అందరూ దర్వాజాలే. మాది గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం, మా ఇంట్లో తలుపు తలుపే. ఆ పిలుపు అలవాటవడానికి నాకు చాలా రోజులు పట్టింది. పెనాల్టీ పడిందంటే వెనకనుంచి ఒకటే మాట: "దర్వాజా, బంతి జూడకు, నడుం జూడు." కొట్టే పిల్ల నడుము ఎటు తిరిగితే బంతి అటే వస్తుందని ఆయన నమ్మకం. సార్ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటి మా పిల్లలెవరూ ఆయన్ని చూడలేదు.

మొన్నటి చలికాలంలో నగరంలో స్కూలు బాలికలకి అంతర్జాతీయ ఫుట్‌బాల్ టోర్నమెంట్ పెట్టారు. మా కరస్పాండెంట్ గారు ముందే తేల్చి చెప్పారు. ఫైనల్‌కి చేరితే టీం ఉంటుంది, లేకపోతే గ్రౌండ్ బస్సుల పార్కింగ్‌కి పోతుంది. ఆ మాట పిల్లలకి చెప్పకుండా కడుపులో దాచుకుని సెమీఫైనల్ దాకా లాక్కొచ్చాను.

ఆ రోజు అన్నీ అడ్డంకులే. మ్యాచ్‌ని నాంపల్లి స్టేషన్ వెనక ఒక గ్రౌండ్‌కి మార్చామని పొద్దున చల్లగా చెప్పారు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన జనంతో రోడ్డు కిక్కిరిసిపోయి బస్సు కదల్లేదు. పిల్లలు కిట్‌బ్యాగులు మోసుకుంటూ నడిచారు. తీరా వెళ్తే గోడవైపు గోల్ వెనక కాలువ తవ్వి, రేకులు అడ్డం పెట్టి వదిలేశారు. మనిషి నిలబడే చోటు లేదు. ఇదేమిటని అడిగితే "జర అడ్జస్ట్ చేస్కోన్రి మేడమ్" అన్నాడు నిర్వాహకుడు.

ఎదుటి టీం ఫిలిప్పీన్స్ వాళ్ళది. ఆట చెరో గోలుతో ముగిసింది. పెనాల్టీలు ఆ గోడవైపు గోల్ దగ్గరే పెట్టారు, ఇద్దరు కీపర్లూ వంతులవారీగా అక్కడే నిలబడాలి.

వాళ్ళ కీపర్ ప్రతి కిక్కుకీ ముందు వెనక్కి తిరిగి చూసి తల ఊపేది. అదేదో వాళ్ళ సెంటిమెంటు అనుకున్నాను. ప్రతిసారీ సరిగ్గా బంతి వచ్చే వైపే దూకింది. మా కీపర్ నందిని ప్రతిసారీ బంతి రాని వైపు దూకింది. ఓడిపోయాం. మా శ్రావణి ఏడుస్తూ వచ్చి, "నేను కొట్టకముందే గటు దుంకింది మేడమ్. గామెకెట్ల తెల్సింది?" అంది.

కాసేపటికి ఆ ఫిలిప్పీన్స్ కీపరే మా దగ్గరికి వచ్చింది. చేతిలో వాళ్ళ టీం బ్యాడ్జి ఉంది. నెట్ వెనక తలకి గుడ్డ చుట్టుకున్న తాతగారికి ఇవ్వాలట, ఆయన కనబడటం లేదట. ఆయన మాట అర్థం కాలేదు గానీ, ఆయన తన నడుము మీద చెయ్యి పెట్టి చూపించారట. తర్వాత తడుముకుంటూ అడిగింది, "దర్-వా-జా" అంటే ఏమిటని.

నేరుగా గోల్ వెనక్కి వెళ్ళి చూశాను. కాలువ పక్కన తడి మట్టి, అందులో ఒక్క అడుగు జాడ లేదు. ఒక పేరెంట్ తీసిన వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. ఆ పిల్ల తిరగడం, తల ఊపడం కనిపిస్తాయి. అవతల రేకులు తప్ప ఏమీ లేవు.

తిరిగి వస్తుంటే బస్సులో నందినిని అడిగాను, నీకేమైనా వినబడిందా అని.

"ఔ మేడమ్. ఎన్కనుంచి ఎవలో దర్వాజా, దర్వాజా అని ఒకటే లొల్లి. గేటు తియ్యమంటున్రనుకున్న. వాచ్‌మెన్ తీస్తడు లే అని తిరగలే."

ఆ గోడకి అసలు గేటే లేదు.

ఇప్పుడు మా గ్రౌండ్‌లో బస్సులు నిలుస్తున్నాయి. ఆ పిల్ల నా చేతిలో పెట్టి వెళ్ళిన బ్యాడ్జి నా బీరువాలో ఉంది, ఎవరికివ్వాలో తెలియదు. ఆ రోజు అక్కడ ఉన్నదెవరో ఎన్నిసార్లు ఆలోచించినా అంతుపట్టలేదు. నిజంగా ఆయనే అయితే నాకు భయం లేదు, కోపమే ఉంది. ఆ మాట తెలియని పిల్ల తిరిగి చూసింది, తెలిసిన మా పిల్ల తిరగలేదు. ఒక్కసారి నందినీ అని పేరు పెట్టి పిలిస్తే ఏం పోయేది సార్?