రాజన్న మామ ఓపెనింగ్ దిగిన శుక్రవారం

ఇవాళ అల్మరా సర్దుతుంటే ఎర్ర టేపు చుట్టిన టెన్నిస్ బంతి దొరికింది. 2005 ప్రాంతంలో దుబాయ్ సత్వాలో పెరిగినవాళ్ళకి ఆ జిగురు వాసన గుర్తుండే ఉంటుంది.

అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు చర్చి అయ్యాక మట్టి గ్రౌండులో మన తెలుగువాళ్ళ క్రికెట్ మ్యాచ్ ఉండేది. గురువారం మా ఇంట్లో చేపల పులుసు తింటూ అందరిదీ ఒకటే గొడవ. ఓపెనింగ్ ఎవరు దిగాలి? కాకినాడ జయరాజ్ మామా, జగిత్యాల రాజన్న మామా? నాకప్పుడు ఎనిమిదేళ్ళు, జయరాజ్ మామ పక్షం. రాజన్న మామ దిగకూడదని ప్రార్థన కూడా చేశాను.

ఒక గురువారం రాజన్న మామ నవ్వుతూ వచ్చాడు. "రేపు సెలవైనా డ్యూటీ ఏసిన్రు, రానని చెప్పిన అన్నా. ముదీర్ ఖలాస్ అన్నడు."

"ఖలాస్ అన్నాడంటే ఒప్పుకున్నట్టే కదా. రేపు నువ్వే దిగు," అన్నారు నాన్న.

దిగాడు. రెండో బంతికే ఔటయ్యాడు. శనివారం సైటుకి వెళ్తే వీసా క్యాన్సిల్ కాగితం చేతిలో పెట్టారు. ఆ ముదీర్, అంటే మేనేజరు, అన్న ఖలాస్‌కి అర్థం, నీ పని అయిపోయిందని.

రాజన్న మామ జగిత్యాలకి వెళ్ళిపోయాక మా ఇంట్లో ఆ గొడవే లేదు. ప్రతి వారం జయరాజ్ మామే దిగేవాడు, ఎవరూ చప్పట్లు కొట్టేవాళ్ళు కాదు.

నా ప్రార్థన ఫలించింది. దాన్ని వెనక్కి తీసుకునే ప్రార్థన మాత్రం నాకెవరూ నేర్పలేదు.