బాలయ్యను అడగని మాట

2022 వానాకాలం. తెలుగు కూలీలు వలస వచ్చి స్థిరపడ్డ కామాటిపురాలో ఓ ఇరుకు గల్లీలోని దవాఖానాలో నేను నర్సును. పుట్టి పెరిగింది కూడా వరస గదుల్లో కుటుంబాలుండే అక్కడి తెలుగు చాల్‌లోనే. పేషెంటు గుమ్మం దాటగానే ఏం తిన్నారు, ఎన్నిసార్లు విరేచనమైంది, ఇంట్లో ఎవరితో గొడవ, అన్నీ అడిగేస్తాను. నా నోటికి మా డాక్టరమ్మే జంకేది.

బాలయ్య నడుం నొప్పి అంటూ వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చిన మేస్త్రీ, నలభై లోపు వయసు. వెంట భార్య అంజమ్మ. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. నిద్ర లేదు, తిండి సయించడం లేదు. రెండు నెలలుగా నాకా మీదికి, అంటే కూలీలు పని కోసం నిలబడే కూడలికి, పోవడమే లేదు.

"ఏమైతుంది బాలయ్యా, చెప్పు" అన్నాను.

"ఏం గాలేదక్కా. తాపీ పట్టుకుంటే చెయ్యి లేస్తలేదు. పిల్లలు నవ్వినా నాకేం అనిపిస్తలేదు."

డాక్టరమ్మ అది డిప్రెషన్ అని చెప్పింది. బద్ధకం కాదు, పిరికితనం కాదు, షుగరూ బీపీల్లాగే అదీ ఒక జబ్బని, మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మధ్యలో ఆపకూడదని ఇద్దరికీ నచ్చజెప్పింది. ఫాలో-అప్, అంటే పేషెంటును మళ్లీ మళ్లీ పిలిచి కనుక్కునే పని, నాది.

రెండు వారాలకు అంజమ్మ ఒక్కతే వచ్చింది. "ఊరికి తోలుతున్నమక్కా. ఆడ మా అత్త ఉంది. గాలి మారితే మంచిగైతడు."

మా చాల్‌లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా చేసేది అదే. కామెర్లొచ్చినా, కాలు విరిగినా ఊరి బస్సెక్కిస్తాం. ఆ రోజు డాక్టరమ్మ సెలవులో ఉంది. నేనూ ఆ చాల్ మనిషినే కదా, మంచిదే అన్నాను. నెల మందులు మూటగట్టి ఇచ్చాను. అక్కడ ఎవరు చూసుకుని వేస్తారని అడగలేదు.

సాయంత్రం ఫోరస్ రోడ్ దగ్గర బస్సెక్కుతుంటే వెళ్లాను. బాలయ్య నా చేతులు పట్టుకుని, "పిల్లలను జర చూడక్కా" అన్నాడు. ఊరెళ్లే మగవాళ్లందరూ అనే మాటే. అయినా మనసు కలుక్కుమంది. చావాలనిపిస్తుందా అని అడుగుదామా అనుకున్నాను. లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయపడి ఊరుకున్నాను.

ఊళ్లో నాలుగు రోజులు బాగా తిన్నాడట. నయమైపోయిందని వాళ్లమ్మ మందులు మాన్పించింది. పదకొండో నాడు ప్రాణం తీసుకున్నాడు.

కబురు విని డాక్టరమ్మ దగ్గర భోరుమన్నాను. నా భయం చెప్పాను. "అడిగితే ఆ ఆలోచన పుట్టదమ్మా. లోపల ఉన్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది" అంది. నా ఇన్నేళ్ల సర్వీసులో ఈ ముక్క నేర్చుకోవడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది.

దినాలయ్యాక అంజమ్మ దవాఖానాకు వచ్చింది. నేను ఏడుస్తున్నాను, ఆమె ఏడవడం లేదు.

"అందరిని అన్ని అడుగుతవు గదక్కా. ఆయనను ఒక్క మాట అడిగితే చెప్తుండె. నీకాడ దాసెటోడు గాదు" అంది.

తలెత్తి ఆమె ముఖం చూశాను. చెంపలు పీక్కుపోయాయి. చూపు ఎక్కడా నిలవడం లేదు.

"అంజమ్మా, నీకు గూడ సచ్చిపోవాలనిపిస్తుందా?" అని అడిగాను.

"రోజూ అనిపిస్తదక్కా."

ఆమె చెయ్యి వదలకుండా లోపల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. అప్పటి నుంచి నెలనెలా మందులకు వస్తోంది. నెలనెలా అదే ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను.