ఆఖరేడు ఎరువు

ఐనవిల్లి చుట్టుపక్కల కొబ్బరితోటలు కౌలుకు తీసుకునే సువర్ణగారికి తెలియని సంగతంటూ లేదు. ఆవిడ మటుకు అలా అనుకుంటారు. చెట్టుని చూడగానే దింపుకి ఎన్ని కాయలొస్తాయో చెప్పేస్తారు. లెక్క తప్పితే తప్పు చెట్టుదే. అలాంటి మనిషికి కూతురు సౌజన్య హైదరాబాదులో చేస్తున్న ఉద్యోగమేమిటో మాత్రం ఆరేళ్ళయినా బోధపడలేదు. ఎవరడిగినా "బ్యాంకు లాంటిదేనండీ, కాకపోతే బ్యాంకు కాదండీ" అనేసి, ఇంకో ప్రశ్న వచ్చేలోపు కాఫీ పెట్టడానికి లేచిపోయేవారు.

ఆ సౌజన్య రెండు రోజుల సెలవు మీద వచ్చింది. కొత్త కంపెనీ పిలుస్తోందనీ, జీతం రెట్టింపనీ, సాయంత్రంలోగా జవాబు చెప్పాలనీ, ఏమీ తేల్చుకోలేకపోతున్నాననీ తల్లితో అంది. సువర్ణగారి నోట్లో నువ్వుగింజ నానదు. చివరి ముక్క వినకుండానే వెళ్ళి, ఎదురింటి బుచ్చమ్మగారికి రెట్టింపు సంగతి చెప్పి వచ్చారు.

"ఇంతకీ నీ సందేహం ఏంటే?" అన్నారు తిరిగొచ్చి తీరిగ్గా.

"ఇప్పుడు నేనున్నది మ్యూచువల్ ఫండ్ కదమ్మా. జనం నెలనెలా కట్టే డబ్బుతో పాతిక ముప్పై కంపెనీల షేర్లు కొని, ఏళ్ళతరబడి ఉంచుతాం. పిలుస్తున్నది ప్రైవేట్ ఈక్విటీ. ఆళ్ళు ఒక కంపెనీని మొత్తంగా కొనేసి, బాగుచేసి, ఐదేళ్ళలో ఎక్కువ ధరకి అమ్మేస్తారు."

సువర్ణగారి మొహం వెలిగిపోయింది. కూతురి ఉద్యోగం మొదటిసారిగా ఆవిడకి అర్థమైంది.

"ఓసి, అయిదేళ్ళ కౌలన్నమాట! మరి ఆఖరేడు ఎరువేస్తారా ఆళ్ళు?"

కొబ్బరిచెట్టుకి ఇవాళ ఎరువేస్తే ఫలితం కనిపించేది ఏడాది దాటాకే. అందుకని గడువు తీరే ఏడాది పాదుల్లో పిడికెడు ఎరువు వేసే కౌలుదారు అరుదు. ఆ కాయ దక్కేది తరవాతివాడికి కదా.

"నువ్వేస్తావా?" అంది సౌజన్య.

"నా సంగతెందుకే ఇప్పుడు! ఆళ్ళనడుగు."

సౌజన్య నవ్వుకుంటూ పెరట్లోకి వెళ్ళి కొత్త కంపెనీ పెద్దాయనకి ఫోన్ చేసింది. ఎరువు మాట ఎత్తకుండా, అమ్మబోయే ఏడాది కంపెనీ మీద కొత్తగా ఖర్చు పెడతారా, పనివాళ్ళని ఉంచుతారా అని అడిగింది. ఈలోగా సువర్ణగారు రెట్టింపు జీతంతో ఇంటికి రెండో అంతస్తు లేపి, గ్రిల్స్ రంగు కూడా ఖాయం చేసేశారు. ఆలూ లేదు చూలూ లేదు అన్న సామెత ఆవిడ వినకపోలేదు. అది ఊళ్ళో మిగతావాళ్ళ కోసం పుట్టిందని ఆవిడ నమ్మకం.

"ఏవన్నారే?"

"మంచి ప్రశ్న అన్నారమ్మా. అని నవ్వేరు. ఇలా అడిగేవాళ్ళే మాక్కావాలన్నారు. పెద్దమనిషిలాగే ఉన్నారు. చేరిపోనా?"

సువర్ణగారికి రెండో అంతస్తు కళ్ళముందు నుంచి కదలనంటోంది. అది కూలిపోతున్నందుకు బాధగా ఉంది. దానికి తోడు సిగ్గు కూడా వేసింది, ఆవిడకి అలవాటు లేనిది.

"వద్దే," అన్నారు.

"అదేంటమ్మా! అంత మర్యాదగా మాట్లాడితే?"

"ఏసేవోడైతే ఏస్తానంటాడే. తోట ఆసాములు అడిగినప్పుడల్లా నేనూ అలాగే నవ్వుతాను, ఇరవయ్యేళ్ళబట్టీ."