భానుమూర్తిగారి కుచ్చుకర్ర

భానుమూర్తిగారికి ఒక్కటే జబ్బు. ఎక్కడ ఏ ఇద్దరు పోట్లాడుకుంటున్నా ఆయనకు ఇద్దరిదీ రైటేననిపిస్తుంది. అనిపించి ఊరుకుంటే గొడవే లేదు. ఊరుకోరు. చేతిసంచిలోంచి టేపూ స్క్రూడ్రైవరూ తీసి ఆ ఇద్దరి మధ్యా ఒక మర బిగిస్తారు.

ఇది ఉద్యోగంలో అంటుకున్న జబ్బు. సర్వీసంతా ఆయన కాలవల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా లాకులకూ షట్టర్లకూ బొమ్మలు గీశారు. ఎగువ రైతులు షట్టరు దించాలనేవారు, దిగువ రైతులు ఎత్తాలనేవారు. కర్రలు పట్టుకుని గట్టుమీదికి వచ్చిన రెండు ఊళ్ళ మధ్యనుంచి లస్కరు నింపాదిగా వెళ్ళి, చక్రం కాస్త అటో ఇటో తిప్పితే అందరూ గొణుక్కుంటూ ఇళ్ళకు పోయేవారు. అది చూసి చూసి, లోకంలో ఏ తగాదాకైనా తిప్పడానికి ఒక మర లేకపోవడమే కారణమని ఆయన తేల్చుకున్నారు. రిటైరై విజయవాడ సూర్యారావుపేటలో ఇల్లు కట్టుకున్నాక ఆ లోటు తీర్చే పనిలో పడ్డారు.

కంకిపాడులో ఆయన మేనల్లుళ్ళు ఇల్లు పంచుకున్నప్పుడు హాల్లో ఉయ్యాలబల్ల మాత్రం ఉమ్మడిగా మిగిలింది. పొడగరి అయిన పెద్దవాడు బల్ల ఎత్తులో ఉండాలన్నాడు. పొట్టివాడైన చిన్నవాడు తన కాళ్ళు నేలకు ఆనాలన్నాడు. "ఇద్దరిదీ రైటే," అని భానుమూర్తిగారు గొలుసులకు మరలు పెట్టి పెద్దవాడి వాటావైపు కొస ఎత్తారు, చిన్నవాడి వాటావైపు కొస దించారు. ఆ తర్వాత ఆ బల్లమీద కూర్చున్న చుట్టాలందరూ కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే జారి చిన్నవాడి వాటాలోకి వెళ్ళిపోయేవారు. వాళ్ళందరికీ కాఫీలు కలపలేక చిన్నకోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి అన్నదమ్ములిద్దరూ ఏకమై మేనమామను కడిగిపారేశారు.

ఇంట్లో కథ ఇంతకంటే గొప్పగా లేదు. భార్య జ్ఞానప్రసూనాంబగారికీ పక్కింటి వెంకటరత్నమ్మగారికీ దండెం దగ్గర తగువు. ఆవిడ చీరల నీళ్ళు ఈవిడ వడియాలమీద కారతాయి. భానుమూర్తిగారు దండేనికి ఒక కప్పీ, ఒక చక్రం తగిలించారు. తిప్పితే దండెం పైకి పోతుందన్నారు. పోయింది. గాలికి వెంకటరత్నమ్మగారి జరీచీర వెళ్ళి కరెంటు స్తంభానికి చుట్టుకుంది.

"ఏమండీ, ఆ చీర దింపే మర ఎక్కడుందండీ?" అని అడిగారు జ్ఞానప్రసూనాంబగారు.

"అది ఆలోచించలేదు ప్రసూనా."

ఆ పూట ఆడవాళ్ళిద్దరూ ఒకే అరుగుమీద కూర్చుని పొద్దుగూకేదాకా ఆయన్ని తిట్టారు. వడియాల సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఇలాంటివన్నీ సంపూర్ణమ్మ కొన్ని కళ్ళారా చూసింది, కొన్ని గోడమీదుగా విన్నది. ఆమె పనిచేసే నర్సింగ్ హోం ఆయన ఇంటిని ఆనుకునే ఉంటుంది. దాన్ని నడిపే డాక్టరు హైమవతిగారు భానుమూర్తిగారి అన్నగారమ్మాయి. సంపూర్ణమ్మ పగటి డ్యూటీ. రాత్రి డ్యూటీ అమలమ్మది. ఇద్దరూ తోడికోడళ్ళు. అమలమ్మ ద్వారబంధం దగ్గర తల వంచుకుని వచ్చే మనిషి. సంపూర్ణమ్మ చిలక్కొయ్య అందాలంటే స్టూలెక్కాలి.

ఒకప్పుడు ఇద్దరికీ ఒకటే ప్రాణం. సంపూర్ణమ్మకు ఈ ఉద్యోగం వేయించింది కూడా అమలమ్మే. అమలమ్మ కూతురి పెళ్ళిలో, సంపూర్ణమ్మ మొగుడు బాలశౌరిని, పెళ్ళికూతురికి సొంత బాబాయిని, మొదటి బంతికి ఎవరూ పిలవలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

నర్సింగ్ హోం నేల తుడవడం ఇద్దరి పని. మొదట్లో గొంతుక్కూర్చుని తడిగుడ్డతో తుడిచేవారు. వాళ్ళ మోకాళ్ళు అరిగిపోతున్నాయని హైమవతిగారు మద్రాసు వెళ్ళినప్పుడు నూలుపోగుల కుచ్చుకు కర్ర తగిలించినది ఒకటి కొనుక్కొచ్చారు. ఆవిడ దాన్ని మాప్ అన్నారు. మిగతా అందరూ కుచ్చుకర్ర అన్నారు. ఆవిడ మంచిమనసుతోనే తెచ్చారు గాని, ఒక్కటే తెచ్చారు.

ఆ కర్ర సంపూర్ణమ్మకు మరీ పొడుగు. ముందు ఆమె తుడుస్తుంటే వెనక కర్రకొస రోగుల క్యారియర్లు పడగొట్టేది. రెండు రోజులు చూసి రంపం తెచ్చి కోసేసింది. సాయంత్రం డ్యూటీకి వచ్చిన అమలమ్మ ఆ మొండికర్రతో నడుం విరిగేలా తుడిచి, తెల్లారేసరికి దానికో వెదురుముక్క తాడుతో కట్టేసింది. సంపూర్ణమ్మ విప్పేసింది. అమలమ్మ మళ్ళీ కట్టింది. ఇద్దరికీ మాటల్లేవు కనక ఫినాయిలు బకెట్టుతో చెప్పుకునేవారు.

"చూశావా బకెట్టూ, నిన్న నిటారుగా ఉన్న కర్ర ఇవాళ కురచైపోయింది, కొందరి బుద్ధిలాగా."

"బకెట్టూ, పొడుగుంటే చాలదు, పనిలో ఒళ్ళు వంచాలని చెప్పు."

"బకెట్టేమంది?" అని కాంపౌండరు ఇశ్రాయేలు మధ్యలో దూరేవాడు. ఇద్దరూ కలిసి అతన్ని ఉరిమి చూసేవారు.

ఒక సాయంత్రం తాడు వదులై వెదురుముక్క ఎగిరి, రౌండ్సుకు వస్తున్న హైమవతిగారి కళ్ళజోడుమీద పడింది. ఆవిడ పగిలిన అద్దాల్లోంచే ఇద్దరినీ చూశారు.

"నెలాఖరుదాకా చూస్తాను. ఒక్క కర్రతో ఇద్దరూ పనిచేసుకోలేకపోతే ఒక్కరే చేస్తారు. రెండోవాళ్ళు ఇంకెక్కడన్నా చూసుకోవాలి."

రెండోవాళ్ళెవరో సంపూర్ణమ్మకు చెప్పనక్కర్లేదు. అమలమ్మ ముందు చేరిన మనిషి, సీనియరు. బాలశౌరి రిక్షా కాలవకట్టమీద బోల్తాపడి, కాలికి పిండికట్టుతో మంచంమీద ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆమె ఉద్యోగమే ఆధారం. అయినా వెళ్ళి అమలమ్మతో మాట కలపడానికి ఆమెకు నోరు రాలేదు. మొదటి బంతి గుర్తొచ్చేది.

సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే భానుమూర్తిగారు టేపుతో హాజరయ్యారు. డ్యూటీ దిగుతున్న అమలమ్మనూ ఎక్కుతున్న సంపూర్ణమ్మనూ వరండాలో పక్కపక్కన నిలబెట్టి భుజాల ఎత్తు కొలిచారు. వాళ్ళు చెరోవైపు మొహం తిప్పుకుని కొలిపించుకున్నారు.

"తప్పు ఎవరిదంటారు బాబుగారూ?" అంది అమలమ్మ.

"ఇద్దరిదీ రైటేనమ్మా."

అమలమ్మ వెళ్ళిపోయాక సంపూర్ణమ్మకు ఒళ్ళు మండింది. "ఉద్యోగం ఊడేవాళ్ళది ఇంకాస్త ఎక్కువ రైటు కాదాండీ?"

భానుమూర్తిగారు టేపు చుట్టడం ఆపారు. "ఊడేది నీదేనా?"

"ఇంకెవరిదండీ."

ఆయన జీవితంలో మొదటిసారి, 'ఇద్దరిదీ రైటే' అని మళ్ళీ అనకుండా టేపు సంచిలో పడేసుకుని వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన ఆటోనగర్‌లో జక్కయ్య లేతు షాపు దగ్గరే కాపురం ఉన్నారు. తెచ్చిన వస్తువు చూడ్డానికి నర్సింగ్ హోమంతా వరండాలోకి వచ్చింది. లావు గొట్టంలో సన్నగొట్టం, మధ్యలో చేత్తో తిప్పే చెవుల నట్టు, కింద కుచ్చు ఉతుక్కోవడానికి ఊడదీసే బిగింపు. ఎంత పొడుగు కావాలంటే అంత. అందరూ భేష్ అన్నారు. తీరా సంపూర్ణమ్మ నట్టు వదులు చేసేసరికి లోపలున్న స్ప్రింగు సన్నగొట్టాన్ని ఒక్క తన్ను తన్నింది. అది పైకి లేచి ఇశ్రాయేలు గడ్డానికి తగిలింది.

"అందుకే ఒకరు అదిమి పట్టుకోవాలి, రెండోవారు నట్టు బిగించాలి," అన్నారు భానుమూర్తిగారు శాంతంగా.

"అంటే కర్ర సర్దడానికి ఇద్దరు మనుషులా బాబాయ్?" అన్నారు హైమవతిగారు.

"ఇద్దరేనమ్మా."

"ఇంకో డిజైను గీశారంటే ఊరంతా రావాలండి," అన్నాడు ఇశ్రాయేలు గడ్డం పట్టుకుని. వరండా అంతా నవ్వింది. గోడ అవతలనుంచి జ్ఞానప్రసూనాంబగారు కూడా నవ్వారు. భానుమూర్తిగారు మాత్రం సంచి సర్దుకుని, ఏమీ పట్టనట్టు ఇంటికి వెళ్ళిపోయారు.

వేరే కర్ర లేదు. పొద్దున ఆరింటికి డ్యూటీ మారేటప్పుడు ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి తోడికోడళ్ళిద్దరూ దానికి ఎదురెదురుగా నిలబడక తప్పలేదు. మొదటి రోజు అలవాటు ప్రకారం, "బకెట్టూ, గట్టిగా నొక్కమను," అంది సంపూర్ణమ్మ. కబురు బకెట్టు మీదుగా చేరేలోపు స్ప్రింగు తన్నేసింది. అమలమ్మ చెయ్యి గీరుకుంది. బకెట్టు మధ్యవర్తిత్వం ఆ స్ప్రింగు దగ్గర పనికిరాదని రెండు రోజుల్లోనే తేలిపోయింది.

"నొక్కు," అంది సంపూర్ణమ్మ మూడో రోజు, గోడవైపు చూస్తూ.

"నొక్కాను."

"ఇంకాస్త."

"చాలా?"

"చాలు."

అమలమ్మ కూతురి పెళ్ళయ్యాక వాళ్ళు నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. మరో వారానికి "చెయ్యి నొప్పి తగ్గిందా" దాకా వచ్చాయి. తర్వాత బాలశౌరి కాలు సంగతి వచ్చింది. ఒక సాయంత్రం అమలమ్మ టిఫిను గిన్నెలో కొరమీను పులుసు తెచ్చి, మరిదికి ఇవ్వమని బకెట్టు పక్కన పెట్టింది.

"ఆ రోజు బంతికి పిలవనోళ్ళు ఇయాళ పులుసెందుకు?" అనేసింది సంపూర్ణమ్మ.

నట్టుమీద అమలమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఆ రోజు పందిరంతా వెతికానే. వెనకాల గాడిపొయ్యి దగ్గర డేగిసా దించుతున్నాడన్నారు. ఇంటి మనిషి, పని మీదున్నాడు, అయ్యాక నాతోపాటు తింటాడులే అనుకున్నా. నేను వచ్చేసరికి మీరు ఎల్లిపోయారు. ఆ రోజు నేనూ తినలేదు."

"చెప్పొచ్చుగా?"

"నువ్వు అడగొచ్చుగా?"

ఇద్దరూ ఒక్కసారి కర్ర వదిలేశారు. స్ప్రింగు తన్ని సన్నగొట్టం వరండా దాటి పోయింది. దాన్ని తెచ్చుకోవడానికి ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ మెట్లు దిగారు.

నెలాఖరున హైమవతిగారు కొత్త కళ్ళజోడు సర్దుకుని ఇద్దరినీ పిలిచారు. ఎవరుంటారో తేల్చమన్నారు.

"సంపూర్ణం లేకపోతే నాకు కర్ర బిగవదండి," అంది అమలమ్మ.

"అక్క లేకపోతే నాకు అసలే బిగవదండి," అంది సంపూర్ణమ్మ.

డాక్టరుగారు కుచ్చుకర్రను ఎగాదిగా చూశారు. "మా బాబాయ్ చేసిన వస్తువుల్లో మొదటిసారి ఒకటి పనిచేసింది, అదీ సరిగ్గా పనిచెయ్యక," అని ఇద్దరినీ పనిలోకి పొమ్మన్నారు.

కథ అక్కడితో అయిపోయిందనే సంపూర్ణమ్మ అనుకుంది. వానలు పడుతున్న రోజుల్లో లేతు షాపు జక్కయ్య భార్యను పురిటికి తీసుకొచ్చాడు. వరండాలో తోడికోడళ్ళు కర్రతో కుస్తీపట్టడం చూసి తెల్లబోయాడు.

"ఇంకా దీంతోనే అవస్థపడతన్నారా? మొదట చేసింది ఒంటిచేత్తో తిరిగేదమ్మా, వెన్నపూసలాగా. దాన్ని చూసుకుని మురిసిపోయినాయనే మళ్ళీ వెనక్కి తెచ్చి స్ప్రింగు పెట్టమన్నాడు. చెడిపోద్ది బాబుగారూ అంటే, 'చెడాలి జక్కయ్యా, ఇది ఒక్కరివల్ల అవకూడదు' అన్నాడు."

వరండా అంతా నవ్విన రోజు భానుమూర్తిగారు మాట్లాడకుండా సంచి సర్దుకోవడం సంపూర్ణమ్మ కళ్ళముందు ఆడింది. మనిషన్నవాడు తాను బాగా చేసిన పనిని నలుగురూ మెచ్చుకోవాలనుకుంటాడు. ఈయన తన పనిని తానే పాడుచేసుకుని, నవ్వులపాలై, కిమ్మనకుండా ఊరుకున్నారు. ఎవరికోసమో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మర్నాడు పెరట్లో కాసిన దొండకాయలు మూటకట్టుకుని, డ్యూటీకి ముందే ఆయన అరుగుమీదికి వెళ్ళింది.

"జక్కయ్యకు మతిమరుపమ్మా. స్ప్రింగు నా పొరపాటే," అన్నారు భానుమూర్తిగారు.

"మీ పొరపాటు చల్లగుండాలి బాబుగారూ. మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మా అక్క మాతో తిరుగుతుంది. మీరు ఔనన్నా కాదన్నా నేను దణ్ణం పెట్టుకునే పోతాను."

పెట్టింది. ఆయన ఇబ్బందిపడి, ఎక్కడైనా ఎవరైనా పోట్లాడుకుంటున్నారేమోనని వీధివైపు చూశారు. ఎవరూ లేరు.

"ఇంకో సంగతండి," అంది సంపూర్ణమ్మ గొంతు తగ్గించి. "దాన్ని ఒక్కదాన్నే బిగించగలనండి. కొస గోడకి ఆనించి మోకాలితో అదిమితే సరిపోద్ది. ఎప్పుడో కనిపెట్టాను. అక్కకి చెప్పలేదు. చెబితే ఆగకుండా ఇంటికి పోద్దేమోనని."

భానుమూర్తిగారు కళ్ళజోడు తీశారు. తీసి, తుడవడం మరిచిపోయి నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు విని జ్ఞానప్రసూనాంబగారు గరిటెతో బయటికి వచ్చారు.

"ఏంటండీ బాబుగారూ?" అంది సంపూర్ణమ్మ.

"అమలమ్మ మొన్న ఇక్కడే నిలబడి చెప్పింది. తలుపుమూలన పెట్టి తుంటితో అదిమితే ఒక్కరే బిగించొచ్చట. నీకు మాత్రం చెప్పొద్దని మాట తీసుకుంది. ఇప్పుడు చెప్పేశాను, ఏం చెయ్యను?"

"నేనూ మాట తీసుకుంటానండి. మీరు నాకు చెప్పేశారని ఆమెకి చెప్పొద్దు."

"అసలు ఆ స్ప్రింగే సరిగ్గా లేదు. మోకాలికీ తుంటికీ లొంగుతోందంటే ఇంకాస్త గట్టిది వెయ్యాలి," అని ఆయన సంచికోసం లేచారు. జ్ఞానప్రసూనాంబగారు గరిటె అడ్డుపెట్టి కూర్చోబెట్టారు.

ఆ సాయంత్రం ఆరింటికి అమలమ్మ తల వంచుకుని గుమ్మం దాటి వచ్చింది. చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, కర్ర దగ్గరికి నడిచింది.

"పట్టుకోవే సంపూర్ణం. ఒక్కదానివల్ల అయ్యే పనా ఇది?"

"ఎక్కడవుద్దక్కా," అని సంపూర్ణమ్మ రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది.